వాక్యూమ్‌లో పుట్టే మెరుపు: గేటెడ్ కెమెరానా, స్ట్రీక్ కెమెరానా?

రాయగడ దగ్గర సబ్‌స్టేషన్‌లో పనిచేసే మా మేనల్లుడు మొన్న బరంపురం వచ్చి అడిగాడు: "మావయ్యా, వాక్యూమ్ బ్రేకర్‌లో గాలే లేదు కదా, మరి ఆ ఆర్క్ దేంతో మండుతుంది?"

లోహంతో. వాక్యూమ్ బ్రేకర్ అంటే గాలి తీసేసిన గదిలో రెండు లోహపు ఎలక్ట్రోడ్లను విడదీసి కరెంటు ఆపే స్విచ్చి; అవి విడిపోయేటప్పుడు మధ్యలో వచ్చే మెరుపే ఆర్క్. రుణ ఎలక్ట్రోడ్ అయిన కాథోడ్ మీద కంటికి ఆనని మొనల నుంచి ఎలక్ట్రాన్లు పొంగుతాయి. ఆ మొనలు వేడెక్కి పేలి, రాగి ఆవిరే ప్లాస్మా అవుతుంది. అది సెకనుకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తుంది. ఆ లెక్కన ఎలక్ట్రోడ్ల మధ్య 1 సెంటీమీటరు ఖాళీ దాటడానికి అర మైక్రోసెకను చాలు.

దాన్ని చూడాలంటే ఏది మేలు? నేను చాలాకాలం గేటెడ్ కెమెరా వైపే ఉన్నాను. కొన్ని నానోసెకన్లు మాత్రమే తెరుచుకుంటుంది. 5 నానోసెకన్లలో ప్లాస్మా జరిగేది 0.1 మిల్లీమీటరే, కాబట్టి బొమ్మ చెదరదు, ఖాళీ మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. కానీ మామూలుగా ఒక్క డిశ్చార్జికి (ఒక్క మెరుపుకు) ఒక్క ఫొటోనే. తరువాతి క్షణం కావాలంటే మళ్ళీ వోల్టేజీ ఇవ్వాలి. ప్రతి బ్రేక్‌డౌనూ (ఖాళీని దాటి కరెంటు దూకడం) ఎలక్ట్రోడ్ ఉపరితలాన్ని మార్చేస్తుంది. ఈసారి కాథోడ్ మీద వెలిగే మచ్చ మరోచోట పుడుతుంది, వోల్టేజీ ఇచ్చాక మెరుపు రావడానికి పట్టే ఆలస్యం కూడా మారుతుంది. పది పెళ్ళిళ్ళలో తీసిన ఫొటోలు వరసగా అతికించి ఒకే పెళ్ళి ఆల్బమ్ అన్నట్టు ఉంటుంది. నన్ను బాధపెట్టేది ఇదే.

స్ట్రీక్ కెమెరా సన్నని చీలికలోంచి వచ్చిన ఒకే గీత వెలుగును కాలం వెంట సాగదీస్తుంది. చీలికను రెండు ఎలక్ట్రోడ్ల మధ్య నిలువుగా పెడితే, వెలుగు కాథోడ్ దగ్గర ముందు పుట్టిందా, ఎదుటి ఎలక్ట్రోడ్ అయిన ఆనోడ్ దగ్గరా అన్నది ఒక్క షాట్‌లోనే తేలుతుంది. మచ్చ ఆ గీతకు పక్కన పుడితే మాత్రం చేతికేమీ రాదు. అందుకే కాథోడ్‌ను సూదిలా చెక్కి మచ్చకు చోటు ముందే ఖాయం చేయాలి.

వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోమీటరుది వేరే పని. 510.5, 515.3, 521.8 నానోమీటర్ల ఆకుపచ్చ గీతలు కనబడితే అది రాగి అని చెబుతుంది.

ఏది ముందు, ఏది వెనక అన్నదే ప్రశ్న అయితే నా ఓటు సూది కాథోడ్‌తో స్ట్రీక్‌కే. మచ్చలు ఎలా చెదురుతున్నాయో చూడాలంటే గేటెడ్ కెమెరాయే. రెండూ ఖరీదైనవి. చేతిలో డబ్బు లేని కాలేజీ ల్యాబులో వెలుగును మోసే ఫైబరు చివర ఫొటోమల్టిప్లయర్ (మసక వెలుగును కూడా కరెంటుగా మార్చి పెంచే పరికరం) పెట్టి మొదలుపెట్టవచ్చు. బొమ్మ రాదు గాని, వెలుగు మొదలైన క్షణం కరెంటు గ్రాఫు పక్కన దొరుకుతుంది. ఫైబరు పొడవుగా ఉంటే బ్రేక్‌డౌన్ రేపే విద్యుత్ అలజడికి ఫొటోమల్టిప్లయర్‌ను దూరంగా ఉంచవచ్చు.