సేటుకు జరిమానా వేయించాలా, మన జీతం రాబట్టుకోవాలా?

"పైసలు పోతే పోనీ మామా, ఆ సేటును మాత్రం జైల్ల పెట్టియ్యాలె" అన్నాడు మా మేనల్లుడు. పరకాల దిక్కు ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి సీజనంతా పనిచేసి మానేశాడు. నెలకు 12 వేల చొప్పున మూడు నెలలది 36 వేలు రావాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలని చట్టం. సేటు మాత్రం "రేపు రా" అంటూనే ఉన్నాడు.

కోపం సరే, జైలు సంగతి చూద్దాం. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ (జీతాల మీద కేంద్రం తెచ్చిన కొత్త చట్టం) అమల్లో ఉంది. రావాల్సింది ఇవ్వని యజమానికి మొదటిసారి 50 వేల దాకా జరిమానా, అంతే. ఒకసారి శిక్ష పడ్డవాడు, ఆ మొదటి తప్పు చేసిన ఐదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తేనే మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి తప్పయితే గరిష్ఠ జరిమానాలో సగం, అంటే 25 వేలు కట్టి రాజీపడొచ్చు కూడా. ఇంతా చేస్తే ఆ సొమ్ము పోయేది సర్కారు ఖజానాకు. మావాడికి రూపాయి రాదు.

పాత రోజులకంటే నయమేలెండి. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో జైలు మాట రాసి ఉన్నా, జరిమానా 500 దాకానే. సేట్ల ఒకపూట ఛాయ్ ఖర్చు.

రెండో దారి క్లెయిమ్, అంటే రావాల్సిన జీతం ఇప్పించమని అధికారికి పెట్టే అర్జీ. అసలు 36 వేలతో పాటు దానికి పది రెట్ల దాకా, అంటే 3 లక్షల 60 వేల దాకా, నష్టపరిహారం ఇప్పించే అధికారం క్లెయిమ్ విచారించే అధికారికి ఉంది. పది రెట్లూ ఇస్తారని ఆశపడొద్దు, కానీ ఆ మాట సేటుకు కూడా టెన్షనే. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి: జీతం ముట్టజెప్పానని నిరూపించుకోవాల్సింది యజమానే. ఆర్డరు వచ్చాకా కట్టకపోతే భూమి శిస్తు బకాయి లాగా కలెక్టర్ ద్వారా వసూలు చేస్తారు. క్లెయిమ్ వేయడానికి గడువు మూడేళ్లు, పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే. రిజిస్టర్డ్ యూనియన్ కూడా కార్మికుడి తరఫున వేయొచ్చు. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలన్నారు. "ప్రయత్నం" అన్న మాట మాత్రం మర్చిపోవద్దు.

పెద్దమనుషుల పంచాయితీ? వారంలో 36 వేలూ చేతిలో పెడితే నేనూ దానికే ఓటేస్తా. కానీ 20 వేలకు తెగ్గొట్టి "అన్నీ ముట్టినయి" అని కాయితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం పెట్టాక క్లెయిమ్‌కు బలం పోతుంది.

కాబట్టి మావాడికి క్లెయిమే అని చెప్పా. హాజరు చిట్టీలు, సేటు ఫోన్‌పేలో వేసిన అడ్వాన్సుల స్క్రీన్‌షాట్లు, గేటు దగ్గర కలిసి పనిచేసిన ఇద్దరి నంబర్లు ముందు ఒకచోట పెట్టమన్నా. వాడింకా జైలు మాట వదల్లేదు. చిట్టీలు మాత్రం వెతుకుతున్నాడు.