రాళ్ల దెబ్బకు గరుకు పూత: లీటరు బాటిలూ గన్నూ కొనాలా, స్ప్రే డబ్బా చాలా?

ముందు చక్రం ఎగరేసిన కంకర నేరుగా వచ్చి తగిలేది డోర్ల కింద పొడవుగా ఉండే రేకు పట్టీ, అంటే సైడ్ సిల్‌కీ, వెనక చక్రం ముందున్న మూలకీ. మామూలు పెయింటు బిరుసు, రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. రాళ్ల దెబ్బను తట్టుకునే స్టోన్ చిప్ కోటింగ్ ఆరాక కూడా రబ్బరులా కాస్త సాగుతుంది, దెబ్బకి అణిగి మళ్లీ లేస్తుంది. అందుకే చాలా కార్లకు ఫ్యాక్టరీలోనే ఆ భాగానికి నారింజ తొక్కలాంటి గరుకు పూత వేసి దాని మీద రంగు కొడతారు. టింకరింగ్ అయ్యాక ఆ గరుకు తిరిగి తేకపోతే, నున్నగా మెరిసే ఆ ఒక్క చోటే రిపేరు సంగతి చెప్పేస్తుంది.

దుకాణంలో మూడు రకాలు కనిపిస్తాయి. తారుతో చేసిన నల్లటి అండర్ కోటింగ్ ఫ్లోర్ కిందకి మాత్రమే పనికొస్తుంది. దాని మీద రంగు కొడితే తారు మరక పైకి తేలుతుంది, పైగా ఏళ్లు గడిచాక బీటలు వారి ఆ సందులో నీరు నిలుస్తుంది. హార్డెనర్ (పూతను గట్టిపరిచే రసాయనం) కలిపే రెండు భాగాల పూత, అంటే రాప్టర్ బ్రాండు లాంటిది, అన్నిటికన్నా గట్టిది. 3 పాళ్ల పూతకు 1 పాలు హార్డెనర్ కలపాలి. పికప్ బండి వెనక తొట్టికి దానికి మించింది లేదు, కానీ సిల్ మీద ఫ్యాక్టరీ గరుకుతో కలవడం కష్టం. హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది కాబట్టి గాలి సరఫరా ఉన్న మాస్కు లేకుండా దాని జోలికి పోకూడదు. సిల్‌కి సరైనది మూడోది: రబ్బరు, రెసిన్ కలిసిన, మీద రంగు పట్టే పూత. డబ్బా మీద రంగు వేయవచ్చని రాసి ఉందో లేదో చూసి మరీ తీసుకోండి.

ఈ మూడో రకం పూత స్ప్రే డబ్బాలోనూ దొరుకుతుంది, గన్‌కి బిగించే 1 లీటరు బాటిల్‌లోనూ దొరుకుతుంది. కంప్రెసర్ అందుబాటులో ఉంటే మా ఓటు బాటిల్‌కే. 500 మి.లీ. స్ప్రే డబ్బాలో చాలా భాగం గ్యాసే, పూత తక్కువ. అంతకన్నా పెద్ద ఇబ్బంది, గరుకు మన చేతిలో ఉండదు. డబ్బా ఖాళీ అయ్యేకొద్దీ ఒత్తిడి తగ్గి చుక్కలు పెద్దవవుతాయి, అందువల్ల సిల్ ఈ కొసకీ ఆ కొసకీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అరచేయంత మరమ్మతుకి స్ప్రే డబ్బా చాలు. పూర్తి సిల్‌కి వద్దు.

లెక్క చూసుకోండి. 2 మీటర్ల పొడవు, 20 సెం.మీ. ఎత్తు అనుకుంటే ఒక సిల్ 0.4 చదరపు మీటర్లు, రెండూ కలిపి 0.8. రెండు కోట్లూ కలిపి తడి మీద అర మిల్లీమీటరు మందం రావాలంటే 0.4 లీటరు పడుతుంది. గాలిలో పోయేదాన్ని కలుపుకున్నా ఒక్క బాటిల్‌తో రెండు సిల్‌లూ అయిపోయి, వెనక చక్రాల ముందున్న మూలలకీ మిగులుతుంది.

పూత ఊడిందంటే తప్పు చాలావరకు కిందే ఉంటుంది. తుప్పు మీద కొడితే తుప్పు ఆగదు, లోపలే పాకి ఆరు నెలల్లో బుడగలుగా తేలుతుంది. ముందు తారు మరకలూ మైనమూ డీగ్రీజర్‌తో తుడవాలి, ఆ తర్వాతే ఎమరీ పట్టాలి. ఈ వరుస తప్పితే గీతల్లోకి మైనం దిగిపోతుంది. తుప్పున్న చోట 80 నంబరు ఎమరీతో ఇనుము మెరిసేదాకా గీకి, అంచులు 180, 240తో కలిపేయాలి. బాగున్న పెయింటుకి 320 సరిపోతుంది. బయటపడిన ఇనుముకి తుప్పును అడ్డుకునే అడుగు పూత, ఎపాక్సీ ప్రైమర్, తప్పనిసరి. రేకుల అతుకుల్లో సందులు పూడ్చే పేస్టు, అంటే సీమ్ సీలర్, ముందే పెట్టండి, ఈ పూత సందులు పూడ్చదు. చిల్లి పడితే వెల్డింగే దారి.

సిల్ అడుగున నీరు కారే చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో టేపు చుట్ట పెట్టి, పూత అయ్యాక తీసేయాలి. అవి మూసుకుపోతే సిల్ లోపల నీరు నిలిచి, బయట ఎంత మందంగా కొట్టినా రేకు లోపలి నుంచి తినేస్తుంది. సైలెన్సర్, బ్రేక్ డిస్క్, డోర్ రబ్బర్లు, సెన్సర్లు కప్పేయండి.

బాటిల్ రెండు నిమిషాలు గట్టిగా ఊపాలి. చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో పెట్టండి. గరుకంతా గాలి ఒత్తిడిలోనే ఉంది: 30 పీఎస్ఐ దగ్గర ముతక గింజ, 60 దాటితే సన్నని గింజ. గన్ 25-30 సెం.మీ. దూరంలో ఉండాలి. దగ్గరికి తెస్తే పూత కారుతుంది, దూరం పెడితే చుక్కలు గాలిలోనే ఆరిపోయి పొడిపొడిగా అతుక్కుంటాయి. ముందు అట్టముక్క మీద కొట్టి, దాన్ని పక్క డోరు కింది ఫ్యాక్టరీ గరుకు పక్కన పెట్టి చూడండి. ఈ ఐదు నిమిషాలు మాత్రం వదలకండి. గరుకు తప్పితే ఎమరీతో సరిదిద్దలేరు, రబ్బరులా చుట్టుకుపోతుంది. హీట్ గన్‌తో వెచ్చజేసి గీకి, మొత్తం మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

మొదటి కోటు పల్చగా వేసి, 15-20 నిమిషాలు ఆగి రెండోది కొట్టాలి. ఒకేసారి దట్టంగా పోస్తే పైన పొర కట్టి థిన్నరు లోపల చిక్కుకుంటుంది, మీద వేసిన రంగులో సూదిబెజ్జాలు పడతాయి. టేపుని పూత తడిగా ఉండగానే మెల్లగా లాగాలి. ఆరాక లాగితే అంచు పీలికలుగా లేస్తుంది, లేదా మెట్టులా నిలబడుతుంది. బాడీ మీద సహజంగా ఉన్న గీత దగ్గర ఆపితే అంచు కంటికి తెలియదు.

రంగు వేసేముందు డబ్బా మీద చెప్పిన గడువు పూర్తిగా ఆగండి. బేస్ కోటు (అసలు రంగు) పై నుంచీ కింద నుంచీ పక్కల నుంచీ కొట్టాలి, లేకపోతే గుంతల్లో కింది పూత రంగు కనిపిస్తుంది. దాని మీద మెరుపుకి వేసే రంగులేని క్లియర్ రెండు పల్చటి కోట్లు చాలు, ఎక్కువైతే గరుకు పూడిపోతుంది. మెటాలిక్ రంగు గరుకు మీద కాస్త ముదురుగా కనిపిస్తుంది, అది కలపడంలో తప్పు కాదు.

జాకీ పెట్టే చోట ఇనుప తల పూతను నలిపేస్తుంది, మధ్యలో రబ్బరు ముక్క పెట్టండి. మిగిలిన బాటిల్ మూత గట్టిగా బిగించి, గన్‌ని అప్పటికప్పుడే థిన్నరుతో కడగండి. గంట ఆగితే నాజిల్ మూసుకుపోయి, తర్వాతి పనిలో ముద్దలు ముద్దలుగా ఉమ్ముతుంది.