మా పాత 407కి డీజిల్ ఫిల్టర్లు: పదకొండేళ్ల వాడకంలో తెలిసినవి

అంబాజీపేటలో కొబ్బరికాయల లోడు ఎత్తుకుని తణుకు వైపు వెళ్తూ సిద్ధాంతం వంతెన ఎక్కుతుంటే మా టాటా 407 లారీ లాగడం మానేసింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా రెండో గేరులో ఈడుస్తోంది. పక్కకి తీసి ఆపితే ఐడ్లింగ్ మాత్రం నిక్షేపంలా ఉంది. ఫిల్టర్లు మార్చి నాలుగు వేల కిలోమీటర్లు కూడా కాలేదు కాబట్టి నా అనుమానం అటు పోలేదు. ఇంజన్‌కి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు పోయిందనే టెన్షన్ పడ్డాను.

మెల్లగా వెనక్కి తిప్పి రావులపాలెం చేర్చాక మేస్త్రి ఫిల్టర్ గిన్నె విప్పి, అడుగున మిగిలినదాన్ని గాజు గ్లాసులో పోసి ఎండలో పెట్టారు. పైన డీజిల్, కింద వేలెడు మందాన నీళ్లు. గ్లాసు వంచితే ఆ నీళ్లు ముద్దగా అటూ ఇటూ దొర్లాయి. "నీళ్లండి ఇవి. ఇంక కాయితం చూడండి" అని కాయితంతో చేసిన రెండో ఫిల్టర్ నా చేతిలో పెట్టారు. బొటనవేలితో నొక్కితే తడిసిన పూతరేకులా చిరిగి లోపలికి దిగిపోయింది. ఆ చిరుగులోంచి పోయిన చెత్తంతా పంపులోకే చేరింది. పంపు, డీజిల్‌ని ఇంజన్‌లోకి చిమ్మే నాజిళ్లు బాగుచేయించడానికి 18,000 అయ్యింది. చవక ఫిల్టర్లు కొని నేను మిగుల్చుకున్నది రెండు వందల లోపే.

మాది 2003 మోడల్. రెండు గిన్నెల ఫిల్టర్. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు లాగిన డీజిల్ ముందు గుడ్డ ఫిల్టర్‌లోకి, తర్వాత కాయితం ఫిల్టర్‌లోకి, అక్కడి నుంచి ఇంజెక్షన్ పంపులోకి వెళ్తుంది. పంపులో పైకీ కిందికీ ఆడే ప్లంజర్‌కీ, అది ఆడే గొట్టం లాంటి బారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యోవంతు). తల వెంట్రుక మందం అంతకు ఇరవై రెట్ల పైనే ఉంటుంది. కంటికి కనపడని ఇసుక కూడా అక్కడ గీతలు పెడుతుందంటే అందుకే.

నేను మూడు రకాలు వాడాను. చవక రకంలో కాయితం మడతలు దూరం దూరంగా ఉండేవి, అంచు జిగురు వేలితో గీకితే ఊడొచ్చేది. రెండోసారి పేరున్న కంపెనీ డబ్బానే తెచ్చాను గానీ అది నకిలీ. అచ్చు మసగ్గా ఉంది, రబ్బరు రింగు గట్టిగా గాజులా ఉంది. ఆ తర్వాత నుంచి బాష్ వాడుతున్నాను. కంపెనీ పేరు 2008లో మారినా మా మేస్త్రి ఇప్పటికీ మైకో అనే అంటారు. మడతలు దగ్గర దగ్గరగా, సమానంగా ఉంటాయి. ఇన్నేళ్లలో ఒక్కటీ లోపలికి కుంగలేదు. కొనేముందు డబ్బా తెరిచి రింగు వంచి చూడండి. మెత్తగా వంగి మళ్లీ గుండ్రంగా రావాలి. పాత ఫిల్టర్ వెంట తీసుకెళ్లి ఎత్తు, మధ్య బెజ్జం పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మార్చడం కష్టం కాదు, శుభ్రతే కష్టం. విప్పేముందు పైన మట్టి తుడవాలి. గిన్నెలు కడిగాక నూలు పోగులు వదిలే గుడ్డతో తుడవకూడదు. పాత రింగులు, రాగి వాచర్లు మళ్లీ వేయకూడదు. మధ్య బోల్టు బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియం మర పోతుంది, మాకు ఒకసారి అలాగే పోయింది. కాయితం ఫిల్టర్‌ని పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

తర్వాత డీజిల్ దారిలో చేరిన గాలి తీయాలి. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి ఫీడ్ పంపు మీది హ్యాండ్ పంపు కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది. బుడగ లేని డీజిల్ వచ్చేదాకా కొట్టి, అప్పుడు బిగించాలి. పంపు దగ్గర కూడా అలాగే. ఓపిక పట్టకుండా సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోతుంది. ఫిల్టర్ చుట్టూ తడిస్తే రింగు సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఎక్కడా తడి లేకుండా మాటిమాటికీ గాలి పడుతుంటే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టం చూడండి. అది పీల్చే వైపు కాబట్టి అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి దూరుతుంది. ఇది తెలియక ఒక వర్షాకాలమంతా ఫిల్టర్నే అనుమానించాను.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలంటే మా కోనసీమ తేమలో గుడ్డ ఫిల్టర్‌కి నేను పదివేల దాకా ఆగను. దాన్ని 7,000కి, కాయితందాన్ని గుడ్డది రెండోసారి మార్చేటప్పుడు మారుస్తాను. ట్యాంకు సగం ఖాళీగా రాత్రంతా నిలబడితే లోపలి గాలిలో తేమ చల్లబడి గోడలకి పట్టి, నీళ్లయి అడుక్కి దిగుతుంది. అందుకే సాయంత్రమే డీజిల్ నింపుతాను, ట్యాంకు అడుగు బోల్టు పదిహేను రోజులకోసారి వదులు చేసి చూస్తాను.

2022 జూలై వరదలకి మా వీధిలో చక్రాలు మునిగేలా నీళ్లొచ్చాయి. నీరు తీశాక ఇంజన్ ముట్టుకోకుండా ముందు ట్యాంకు దింపించాను. సీసాలో పట్టిన డీజిల్ తెల్లారేసరికి రెండు పొరలుగా విడిపోయి కనిపించింది. ట్యాంకు కడిగించి, రెండు ఫిల్టర్లూ కొత్తవి వేసి, 500 కిలోమీటర్లకి కాయితం మళ్లీ మార్చాను. రెండోసారి విప్పినప్పుడు గిన్నెలో చుక్క నీరు లేదు, మడతలు కూడా గట్టిగానే ఉన్నాయి. ఆ పంపు మీద ఇంతవరకు మళ్లీ పానా పెట్టలేదు.