తొలి మ్యాపింగ్‌కు ఏ నేల మేలు: చీమకుర్తా, గూడూరా, మార్కాపురమా?

సంక్రాంతి సెలవులు ముగిసేసరికి జియాలజీ చదివే పిల్లల నుంచి నాకు ఏటా ఒకే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఫీల్డ్‌కు వారం రోజులే ఇచ్చారు. ఎక్కడికి వెళ్లమంటారు?" వాళ్ల నోట వినిపించే పేర్లు మూడే. చీమకుర్తి, గూడూరు, మార్కాపురం. మూడూ ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాలవే, మూడింటిలోనూ నేను సుత్తి పట్టుకుని తిరిగాను. రాళ్లు చూసి రావడానికైతే ఏ ఊరైనా మంచిదే. ఏ రాయి ఎక్కడిదాకా ఉందో చూపే మ్యాపు గీయడం నేర్చుకోవడానికి మాత్రం మూడూ సమానం కావు.

రాయి కనిపించిన చోట రంగు వేయడం ఎవరికైనా వస్తుంది. ఇక్కడ ఒక రాయి, అరకిలోమీటరు అవతల ఇంకో రాయి, మధ్యలో మట్టి, కంపచెట్లు. ఆ మట్టి కింద సరిహద్దు ఎటు పోతుందో ఆలోచించి గీత గీయడం, ఆ గీత సరైనదో కాదో నడిచి తేల్చుకోవడం అసలు పని. కాబట్టి నేను చూసేది రెండు విషయాలు. ఆ నేల మనల్ని ఎంత ఊహించనిస్తుంది? ఊహ తప్పితే ఆ సంగతి ఎంత త్వరగా చెబుతుంది?

ఎక్కువ మంది మొగ్గేది చీమకుర్తి వైపు. ఒంగోలులో దిగి కర్నూలు రోడ్డు పట్టుకుంటే చాలు. అక్కడి రాయి గొప్పతనాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను. వ్యాపారంలో దాన్ని గెలాక్సీ గ్రానైట్ అంటారు గానీ అది గ్రానైట్ కాదు, గాబ్రో అనే ముదురు రంగు అగ్నిశిల జాతి రాయి. కొత్తగా కోసిన గోడ మీద నీళ్లు చల్లి భూతద్దం పెట్టండి. నల్లటి రాతిలో బంగారు రంగులో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ స్ఫటికాలు. ల్యాబులో పలుచటి ముక్కల్లో చూసి బట్టీ పట్టిన ఖనిజాన్ని కళ్లెదుట గోడంత ఎత్తున చూస్తే ఇక మరిచిపోరు.

అయితే క్వారీలో అంతా బయటే ఉంటుంది, ఊహించడానికి మిగిలేది తక్కువ. పైగా అనుమతి కావాలి, హెల్మెట్ కావాలి, పేలుళ్ల వేళకు బయటికి రావాలి. మన ఇష్టానికి అడ్డదిడ్డంగా నడవడం కుదరదు. చుట్టూ ఇనుప యంత్రాలు ఉంటాయి కాబట్టి దిక్సూచి ముల్లునూ పూర్తిగా నమ్మలేం. ఫోనులోని యాప్‌కు కూడా ఇదే ఇబ్బంది, దాని లోపల ఉన్నదీ అయస్కాంతాన్ని కొలిచే పరికరమే కదా. అమ్మకానికి పెట్టిన దిమ్మెల మీద సుత్తి వేయవద్దని వేరే చెప్పనక్కర్లేదు. చీమకుర్తికి ఒక్క రోజు చాలు.

గూడూరు కథ ఇందుకు పూర్తిగా తలకిందులు. గూడూరు, సైదాపురం ప్రాంతం నెల్లూరు అభ్రకానికి పుట్టిల్లు. రేకులుగా విడిపోయే షిస్ట్ రాళ్లలోకి చొచ్చుకొచ్చిన పెగ్మటైట్లు, అంటే పెద్ద పెద్ద స్ఫటికాలున్న రాళ్లు, వాటిలో పుస్తకాల్లా పొరలు పొరలుగా మైకా (అభ్రకం), పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అక్కడక్కడ నల్లటి టూర్మలిన్. పాత గనుల పక్క గుట్టల్లో అరగంట వెతికితే సంచి నిండుతుంది. సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి నేల నోరు విప్పదు. అంతా చదును, మీద మట్టి, దాని మీద వరి. జనవరిలో పొలాలు పచ్చగా ఉంటాయి, రాయి గట్టు మీద తప్ప కనిపించదు.

అలాంటి చోట మ్యాపింగ్ అంటే ఆనవాళ్లు పట్టడమే. చిన్న వాలు మీద మైకా రేకులు మెరుస్తుంటే కిందికి కాదు, పైకి నడవాలి. రేకులు వాలు వెంట కిందికి జారుతూ పోతాయి, అవి ఎక్కడ ఆగిపోతాయో ఆ పై అంచు దగ్గరే పెగ్మటైట్ సరిహద్దు ఉంటుంది. బావి తవ్విన మట్టి, బోరు వేసినప్పుడు వచ్చిన పొడి, గట్టు మీద రైతు ఏరి పోసిన రాళ్లు, అన్నీ సాక్ష్యాలే. "పెద్దాయనా, మీ బోరులో ఎన్ని అడుగులకు రాయి తగిలింది?" అని మర్యాదగా అడిగితే, ఏ కాగితంలోనూ లేని సమాచారం చెట్టు నీడలో దొరుకుతుంది. ఇలా అడిగి తెలుసుకోవడం కూడా మన చదువులో భాగమే.

ఇంకో చిక్కు స్కేలుది. నేల ఎత్తుపల్లాలు చూపే మన టోపోషీటు స్కేలు 1:50,000. అంటే కాగితం మీద 1 మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. 10 మీటర్ల వెడల్పున్న పెగ్మటైట్ అందులో మిల్లీమీటరులో ఐదో వంతు, పెన్సిల్ గీత కన్నా సన్నం. గూడూరు వెళ్లేవాళ్లు ముందుగా 1:5,000 స్కేలుకు పెంచిన బేస్ మ్యాపు తయారు చేసుకోవాలి. అప్పుడు అదే పెగ్మటైట్ 2 మిల్లీమీటర్లు అవుతుంది, గీయడానికి వీలవుతుంది. నీళ్లు నిండిన పాత గనుల అంచులకు మాత్రం ఎవరూ పోవద్దు, అక్కడి షిస్ట్ కాలి కింద విరుగుతుంది.

ఇదంతా నాకెంతో ఇష్టమైన పని. కానీ మొదటిసారి వచ్చిన విద్యార్థికి ఇది కష్టం. ఊహ తప్పినా తప్పని తెలియదు, వరి మడి జవాబు చెప్పదు.

మార్కాపురం చెబుతుంది. అందుకే తొలి మ్యాపుకు నా ఓటు దానికి.

చిన్నప్పుడు మనం అక్షరాలు దిద్దిన రాతి పలకకు పేరుపడిన ఊరు అది. అక్కడి స్లేటు కంభం ఫార్మేషన్‌లోది. మన కంభం పేరే ఆ రాళ్ల వరుసకు పెట్టారు. పక్కన ఇసుకరాయి గట్టిపడి మారిన క్వార్ట్‌జైట్ కొండలు ఎత్తుగా నిలబడతాయి, స్లేటు అరిగి పల్లం అవుతుంది. కాబట్టి టోపోషీటులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు దగ్గర పడిన చోటు చూసి, బస్సు ఎక్కకముందే సరిహద్దు ఎక్కడుండవచ్చో పెన్సిల్‌తో గీసుకోవచ్చు. తర్వాత కొండవాలుకు అడ్డంగా నడిస్తే ఆ గీత నిలబడిందో లేదో మధ్యాహ్నంలోపు తెలిసిపోతుంది.

అసలు పాఠం పలకల గని అంచున ఉంది. పనివాడు దిమ్మె పక్కన ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేస్తాడు, పలక పుస్తకంలో కాగితంలా విడివడుతుంది. అలా విడిన తలాన్ని చూసి ఇదే పొర అనుకుంటాం. కాదు. అది చీలిక, రాయి నలిగి ముడతలు పడినప్పుడు ఏర్పడిన క్లీవేజ్. పొర కావాలంటే పలక అంచును తడిపి చూడాలి. ముదురు, లేత రంగు చారలు సన్నగా, చీలికకు ఏటవాలుగా పోతుంటాయి. అవే అసలు పొరలు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు రెండు రోజులు చీలికనే పొరగా కొలిచి, నోటుబుక్కు నిండా స్ట్రైక్ (పొర సాగే దిక్కు), డిప్ (పొర వాలే కోణం) అంకెలు రాసుకున్నాను. మూడో రోజు మా మాస్టారు ఒక పలక అంచుకు తడి గుడ్డ రాసి చూపించారు. ఆ రెండు రోజుల అంకెలూ కొట్టేయకుండా, వాటి నెత్తిన చీలిక అని రాయించారు. చీలిక కొలతలకూ విలువ ఉంది మరి. పొర, చీలిక ఒకే వైపు వాలుతూ చీలిక ఎక్కువ నిటారుగా ఉంటే పొరలు సరైన వరుసలో, అంటే పాతవి కింద, కొత్తవి పైన ఉన్నట్టు. పొర ఎక్కువ నిటారుగా ఉంటే ఆ మడతలో పొరలు తలకిందులైనట్టు. ఒక్క పలక అంచు దగ్గర కూర్చుని, కంటికి కనిపించని పెద్ద మడత రూపం చెప్పగలగడం నాకు ఇప్పటికీ అపురూపంగానే ఉంటుంది.

వారం రోజులుంటే ఐదు రోజులు మార్కాపురంలో, ఒక రోజు చీమకుర్తిలో గడపండి, మిగిలిన రోజు ప్రయాణాలకు పోతుంది. గూడూరును వచ్చే ఏటికి ఉంచుకోండి, వీలైతే వరి కోతలయ్యాక వెళ్లండి. ఇప్పటికే ఒక మ్యాపు గీసినవాళ్లయితే మాత్రం తిన్నగా గూడూరుకే పొమ్మంటాను.

ఎక్కడికి వెళ్లినా సరిహద్దును కళ్లారా చూసిన చోట నిండు గీత, ఊహించిన చోట తెగిన గీత గీయండి. ఏ రోజు పని ఆ రాత్రే బసలో ఇంకు పెట్టండి. జీఎస్ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) మ్యాపులు వాళ్ల వెబ్‌సైట్ భూకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి, కానీ నాలుగు రోజులు గడిచేదాకా వాటిని తెరవకండి. ముందే చూస్తే మన కాళ్లు వాళ్ల గీత వెంటే నడుస్తాయి. నాలుగో రోజు రాత్రి రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉన్న చోట చిన్న గుర్తు పెట్టుకుని, ఐదో రోజు ఉదయం ఎండ ముదరకముందే నేరుగా అక్కడికే నడవండి.