ఇరవై రెండేళ్ళుగా చదువుతున్న ప్రకటన గ్రంథం: ‘తీర్పు’ నాకు అర్థమైన తీరు

నా దగ్గరున్న పరిశుద్ధ గ్రంథం బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం. నల్ల అట్ట, ఎర్రంచు కాగితాలు. మొదట అది మా అమ్మది. 2003లో ఆమెకు చూపు మందగించినప్పటి నుండి సాయంత్రం పూట నేను చదవడం, ఆమె వినడం అలవాటైంది. ఆమె పోయిన తర్వాత కూడా ఆ అలవాటు నన్ను వదలలేదు. చివరనున్న ప్రకటన గ్రంథాన్ని, దాని 22 అధ్యాయాలనూ, ఏడాదికి రెండుసార్లయినా మొదటి నుండి చివరి దాకా చదువుతూ వచ్చాను కాబట్టి, అందులో దేవుని తీర్పు అంటే ఏమిటో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

చిన్నప్పుడు ఈ గ్రంథమంటే నాకు భయమే తెలుసు. ఉజ్జీవ కూటాలలో గుడ్డ మీద గీసిన పెద్ద పటం వేలాడదీసి, అగ్నిగుండాన్ని కర్రతో చూపిస్తూ ప్రసంగించేవారు. ఈ గ్రంథంలో మృగపు సంఖ్యగా చెప్పిన 666 అంటే బార్‌కోడ్ అని ఒకరు, ఏదో కార్డు అని మరొకరు చెప్పేవారు. ఆ సంఖ్య రోము చక్రవర్తి నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాలలో రాసి కూడితే వస్తుందని చాలామంది పండితులు భావిస్తారని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ఆ భయం వల్ల నాకు జరిగిన నష్టమేమిటంటే, ఈ గ్రంథం ఎవరికి రాయబడిందో అడగాలని కూడా తోచలేదు.

పత్మాసు ద్వీపంలో ఉన్న యోహాను ఆసియా అనే రోమా రాష్ట్రంలోని (నేటి టర్కీ పడమటి భాగం) ఏడు క్రైస్తవ సంఘాలకు దీనిని రాశాడు. రోము చక్రవర్తి డొమిషియన్ (క్రీ.శ. 81–96) పాలన చివరి రోజులలో ఈ దర్శనం కలిగిందని రెండవ శతాబ్దపు బిషప్పు ఐరేనియస్ చెప్పాడు. చక్రవర్తిని దేవుడిగా కొలిచే పట్టణాలలో బతుకుతున్న చిన్న చిన్న సంఘాలవి. పెర్గములో అంతిప అనే విశ్వాసిని అప్పటికే చంపేశారు. “చదువువాడును, వాటిని విని” అని మొదటి అధ్యాయంలోనే ఉంది: చదివేవాడు ఒక్కడు, వినేవారు అనేకులు. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఆ మాట దగ్గర నా గొంతు దానంతటదే నెమ్మదించేది.

మా కుటుంబానికి ఒక పొలం తగాదా ఉండేది. నాన్న పోయిన తర్వాత భూమి రికార్డు అయిన అడంగల్‌లో అమ్మ పేరు ఉండవలసిన చోట మరొకరి పేరు చేరింది. గుడ్డసంచిలో కాగితాలు పెట్టుకుని అమ్మ కోర్టుకు వెళ్ళడం, వాయిదా పడిందని తిరిగి రావడం పదకొండేళ్ళు సాగింది. ఆ రోజులలో ఒక సాయంత్రం ఆరవ అధ్యాయం చదువుతుండగా, బలిపీఠం క్రింద వధింపబడినవారి ఆత్మలు “నాథా, సత్యస్వరూపీ, పరిశుద్ధుడా, యెందాక” అని కేకలు వేసే చోట ఆమె నన్ను ఆపి, పెన్సిల్ అడిగి, వేలితో తడుముకుంటూ ఆ పంక్తి క్రింద గీత గీసింది. చూపు ఆనని చేతితో గీసింది కాబట్టి, ఆ గీత ‘యెందాక’ దగ్గర మొదలై ప్రక్కనున్న అంచులోకి జారిపోయింది.

తీర్పు కోసం ఎదురుచూసేవారు కూడా ఉంటారని నాకు ఆ రోజు తెలిసింది. అన్యాయం చేసినవాడికి తీర్పు భయం పుట్టిస్తుంది కానీ, అన్యాయానికి గురైనవాడు దాని కోసమే మెట్లెక్కుతాడు. మన భాషలో ఈ మాట పుట్టిందే తీర్చడం నుండి. అప్పు తీరుస్తాము, దాహం తీరుస్తాము, తగవు తీరుస్తాము, వంకర పోయినదానిని తీర్చిదిద్దుతాము. దేవుడు భూమికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడని నదులు చప్పట్లు కొడతాయని 98వ కీర్తన ఎందుకు అంటుందో ఈ మాటను అలా విన్నప్పుడే నాకు బోధపడింది. ప్రకటనలోని ఉగ్రత అంతా ఆ ‘యెందాక’ అనే కేకకు వచ్చిన జవాబు అని నేను నమ్ముతున్నాను.

ఇరవయ్యవ అధ్యాయంలో “గొప్పవారేమి కొద్దివారేమి” అందరూ సింహాసనం ఎదుట నిలబడి ఉండగా గ్రంథాలు విప్పబడతాయి. దానియేలు ఏడవ అధ్యాయంలోనూ ఇదే దృశ్యం ఉంది. రికార్డులో ఒక్క గీత మారితే బతుకు ఎలా తలక్రిందులవుతుందో చూసినవాడిని కాబట్టి, ఎవరూ దిద్దలేని గ్రంథం ఒకటుందన్న మాట నాకు గొప్ప ఊరట. అదే సమయంలో, అందులో నా క్రియలు కూడా ఉంటాయి కదా అని మనసు వణుకుతుంది. ఆ పక్కనే, రక్షణ పొందినవారి పేర్లుండే జీవగ్రంథం కూడా విప్పబడుతుంది కాబట్టే ఆ పేజీ దాటి ముందుకు చదవగలుగుతున్నాను.

నేను ఎక్కువ కాలం ఆగిపోయిన చోటు పద్దెనిమిదవ అధ్యాయం. బబులోను అనే మారుపేరుతో రోము మీద తీర్పు పడినప్పుడు, తమ సరకు ఇక కొనేవాడు లేడని వర్తకులు ఏడుస్తారు. ఆ సరకుల పట్టీ బంగారంతో మొదలై, పట్టుబట్టలు, దాల్చినచెక్క, సాంబ్రాణి, గోధుమలు, పశువులు, రథాలు దాటి దాసుల దగ్గర, మనుష్యుల ప్రాణాల దగ్గర ముగుస్తుంది. మనిషి ప్రాణం ఆ పట్టీలో గొఱ్ఱెల తర్వాత వస్తుంది. ఆరవ అధ్యాయంలో దేనారానికి ఒక సేరు గోధుమలు అన్న ధర కూడా అలాంటిదే. దేనారమంటే కూలివాడి ఒక రోజు కూలి. రోజంతా ఒళ్ళు వంచితే సేరు గింజలు దొరికే లోకాన్ని దేవుడు చూస్తూ ఊరుకోడన్నదే ఇక్కడి తీర్పు. దూత తిరుగటిరాయి వంటి పెద్ద రాయిని సముద్రంలో పడవేసిన తర్వాత ఆ పట్టణంలో తిరుగటి ధ్వని వినబడదు, దీపం వెలగదు. ఆ నిశ్శబ్దం అగ్నిగుండపు పటం కంటే నన్ను ఎక్కువగా కలచివేసింది.

అయితే ఈ తీర్పు అవతలివారి మీదనే అనుకుంటే పొరపాటే. మొదటి మూడు అధ్యాయాలలో విచారణ జరిగేది సంఘానికే. ఆ ఏడు సంఘాలలో ఒకటున్న లవొదికయ పట్టణం క్రీ.శ. 60లో భూకంపం వచ్చినప్పుడు రోము సాయం లేకుండా సొంత డబ్బుతో లేచి నిలబడిన ఊరు. “నాకేమియు కొదువలేదు” అన్న ఆ సంఘపు మాటలో ఆ ఊరి గర్వం వినబడుతుంది. ఇక తీర్పరి ఎవరన్నది ఐదవ అధ్యాయం చెబుతుంది. యూదా గోత్రపు సింహం అని విని యోహాను తిరిగి చూస్తే, కనబడేది వధింపబడినట్లున్న గొఱ్ఱెపిల్ల. తానే అన్యాయపు తీర్పుకు గురై చనిపోయిన క్రీస్తు తీర్పు తీరుస్తాడు. క్రైస్తవ విశ్వాసంలో తీర్పుకున్న అర్థమంతా నాకు ఈ ఒక్క దృశ్యంలోనే దొరుకుతుంది.

ఇబ్బందులు లేవని అనను. పాత అనువాదంలోని భాష కొత్తవారికి కష్టం, అక్షరాలు చిన్నవి, చారిత్రక సందర్భం చెప్పే వివరణలు లేవు. దూతలు బూరలు ఊదినప్పుడు పడే తీర్పులలో మూడింట ఒక వంతే దెబ్బతినడం మారుమనస్సుకు ఇచ్చిన గడువని తొమ్మిదవ అధ్యాయం చివర గ్రహించవచ్చు గానీ, యుగయుగములు లేచే పొగ గురించిన పద్నాలుగవ అధ్యాయపు మాటలు ఇప్పటికీ నాకు బరువుగానే ఉన్నాయి. వాటిని తేలిక చేసి చెప్పే బోధ మీద, వాటిని ఆనందంగా చెప్పే బోధ మీద నాకు నమ్మకం లేదు. మొదటిసారి చదివేవారు ఏడు సంఘాల లేఖల తర్వాత నాలుగు, ఐదు అధ్యాయాలను తొందర లేకుండా చదివి, ఆ తర్వాతే గ్రంథపు ముద్రలు విప్పే ఆరవ అధ్యాయంలోకి వెళితే మంచిది.

మా కేసులో తీర్పు మాకు అనుకూలంగానే వచ్చింది, అమ్మ పోయిన రెండేళ్ళకు. ఆ కాగితం తెచ్చిన సాయంత్రం ఆరవ అధ్యాయమే తీశాను. ఆమె గీత గీసిన వచనం తర్వాతి వచనంలో, కేకలు వేసినవారికి తెల్లని వస్త్రాలు ఇచ్చి, ఇంకా కొంచెం కాలం విశ్రమించమని చెబుతారు. కాగితాన్ని మడిచి ఆ పేజీలోనే పెట్టాను.