రేకు వేశాకే తెలిసింది: అసలు సంగతి చూరులో ఉంది

నెల్లూరులో మా వీధి మొదట్లో, గుడి గోడకి ఆనించి ఒక బీరువా పెట్టాం. ఉన్నవాళ్ళు బియ్యం, పప్పు, బిస్కెట్లు పెట్టి పోతారు, కావలసినవాళ్ళు తీసుకుపోతారు. 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు మొదలైంది. దానికి నీడ కోసం ఇప్పటికి మూడు రకాలు వాడాం.

మొదట టార్పాలిన్. ఆ నవంబరులో, పెన్నకి వరదొచ్చిన వానలకి, పట్ట మధ్యలో నీళ్ళు నిలిచి కుండలా వేలాడి, తాడు తెగి బీరువా మీదే పడింది. ప్లైవుడ్ ఉబ్బిపోయి తలుపు పట్టలేదు, కందిపప్పు ముక్కిపోతే పారేశాం. తర్వాత ఎవరో పాలీకార్బొనేట్ షీటు ఇచ్చారు, వెలుతురుగా ముచ్చటగా ఉండింది గానీ ఎండ నేరుగా లోపలికి దిగి, రోహిణి కార్తెలో లోపల చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టే. దాని గురించి ఇంతకంటే చెప్పను.

2022లో తెల్లటి కలర్ రేకు వేయించాం, అరమిల్లీమీటరు మందం, వెనక్కి వాలు, ఇనుప యాంగిల్ మీద స్క్రూలు. రేకు వేడి కిందికి దిగకుండా జానెడు ఖాళీ వదిలి తాటాకు తడక కట్టాం. ఇది నిజంగా పనిచేసింది, డబ్బు కూడా పెద్దగా కాలేదు.

కానీ మా తలుపు తూర్పుకి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, గాలి రెండూ సముద్రం వైపు నుంచే కదా, జల్లు ఏటవాలుగా కొడుతుంది. బీరువా దగ్గరకి రోజూ వచ్చే ఒక అవ్వ అనింది, "ఏంది అబ్బయా, రేకేసి నెత్తి కాపాడినావు, కాళ్ళు తడిసిపోతుండాయి" అని. చూస్తే కింది అర మొత్తం తడి. వెల్డర్‌ని పిలిచి ముందువైపు చూరుని ఒక అడుగు నుంచి మూడడుగులకి లాగించాను. వాన నీళ్ళు మట్టిలో పడి బురద చిందుతుంటే చూరు కింద కంకర పోశాం, బీరువాని ఇటుకల మీదికి ఎత్తాం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు ఇక్కడ వదలకుండా కురిసింది, అయినా కింది అర బియ్యం పొడిగానే ఉండింది. మొదటే ఎవరైనా చెప్పుంటే నాకు రెండు వానాకాలాల టెన్షన్ తప్పేది. పడమర వైపు గుడి గోడ ఉండబట్టి వేసవిలో వడగాలి మా మీదికి రాలేదు, అది మా గొప్ప కాదు.

లోపాలు: స్క్రూల కింద రబ్బరు వాషర్లు ఎండకి పగిలి రెండో ఏడే కారడం మొదలైంది. వాన పడితే చప్పుడుకి పక్కింటివాళ్ళు తిట్టుకుంటారు. చీమలకి కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే దోమలు పుట్టాయి, ఇప్పుడు పాత ఇంజన్ ఆయిల్ పోస్తున్నాం. వండిన అన్నం మాత్రం ఏ రేకు కిందైనా మధ్యాహ్నం పెట్టనివ్వను, సాయంత్రమే.

5కి 4 ఇస్తా, ఆ ఒకటి వాషర్లకి కోత. వినాయక చవితి అయ్యాక మార్పించాలని వెల్డర్‌కి ఇప్పుడే చెప్పి పెట్టాను, అక్టోబరులో అయితే అతను దొరకడు.