చాంఫర్ కట్టర్: సాలిడ్డా, ఇన్సర్టుదా?

ఆటోనగర్‌లో కొత్తగా వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్) పెట్టుకున్న తమ్ముళ్లు తరచూ అడుగుతుంటారు: "అన్నా, చాంఫర్‌కి, అంటే అంచు వాలుగా కోయడానికి, సాలిడ్ కార్బైడ్ కొనమంటావా, ఇన్సర్టుదా?" సాలిడ్ అంటే మొత్తం ఒకే కార్బైడ్ ముక్క, ఇన్సర్టుది అంటే కోసే బిళ్లను స్క్రూతో బిగించేది. ఇక్కడ పొద్దున లారీ ఫ్లాంజి వస్తే సాయంత్రం మిర్చి మిల్లు ప్లేటు వస్తుంది. అలాంటి షాపుకి ముందు 12 ఎం.ఎం. సాలిడ్డే కొనమంటాను. చిన్న బొక్కల్లోకీ దిగుతుంది, పళ్లు నాలుగుంటాయి. 3000 ఆర్‌పీఎంలో పంటికి 0.05 ఎం.ఎం. వేస్తే నిమిషానికి 600 ఎం.ఎం. ఫీడ్ (కట్టర్ ముందుకు సాగే వేగం) వస్తుంది. ఒకే ఇన్సర్టున్న కట్టర్‌తో అదే లెక్కన 150 మాత్రమే.

అయితే ఏది కొన్నా మొనతో కోయకండి. నేను చూసినంతలో ఎక్కువ కట్టర్లు పోయేది అక్కడే. సరిగ్గా మొన దగ్గర వ్యాసం సున్నా, కాబట్టి స్పిండిల్ ఎంత తిరిగినా అక్కడ కోత వేగం ఉండదు. లోహం తెగదు, నలుగుతుంది. బర్ (అంచున గరుకు పొర) మిగులుతుంది, మొన చిట్లుతుంది. 1×45 చాంఫర్‌కి (1 ఎం.ఎం., 45 డిగ్రీల వాలు) మొనను 1 ఎం.ఎం. దింపి సరిపెట్టకుండా 3 దింపండి, కట్టర్ సెంటర్‌ని జాబు పక్కగోడకు 2 ఎం.ఎం. బయట పెట్టండి. అప్పుడు కోసేది 4 నుంచి 6 ఎం.ఎం. వ్యాసం దగ్గర. అదే 3000 ఆర్‌పీఎంలో 6 దగ్గర వేగం నిమిషానికి దాదాపు 56 మీటర్లు. కింద మెట్టుంటే మాత్రం మొన తగులుతుంది, చూసుకోండి.

వెల్డింగ్‌కి ప్లేట్ల అంచులు వాలుగా కొట్టే పని గుత్తగా వస్తే నా ఓటు ఇన్సర్టుకే. అంచు చిట్లితే స్క్రూ విప్పి ఇన్సర్టు తిప్పుకుంటే చాలు. సాలిడ్‌ని గ్రైండింగ్‌కి పంపితే పొడవు తగ్గి వస్తుంది, ఆఫ్‌సెట్ (మెషిన్‌లో ఎక్కించిన కట్టర్ పొడవు) మళ్లీ పెట్టుకోవాలి.

హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) కౌంటర్‌సింక్ డ్రిల్ మెషిన్ దగ్గరే ఉండనివ్వండి. బొక్క మూతికి అది చాలు. ఎమ్మెస్‌లో (మైల్డ్ స్టీల్) నిమిషానికి 25 మీటర్ల వేగం దాటనివ్వకండి.

ఆర్డరిచ్చేటప్పుడు కోణం విడమరచి చెప్పండి. ఒక్కో పక్కకు 45 డిగ్రీలు అన్నా, రెండు పక్కలా కలిపి మొత్తం 90 అన్నా ఒకే కట్టర్. మొత్తం 45 ఉన్నది వచ్చిందంటే డ్రాయింగులోని 1×45 దాంతో రాదు. మెట్రిక్ సీఎస్‌కే (తల లోపలికి దిగే) స్క్రూకి 90 సరిపోతుంది, అమెరికన్ అంగుళాల స్క్రూకైతే 82 ది అడగాలి.